శకుని పాచికలకు కర్మ అని పేరు

(మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో పనిచేసే దళిత, బహుజన మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. నోటితో చెప్పిన మాటలను చాలావరకు అట్లాగే ఉంచాం.)



వారానికి ఒక్కరోజు దొరికే సెలవును వదులుకొని వచ్చినారు. కొందరికి ఆ సెలవు కూడా లేదు. సెక్యూరిటీ పనిచేసే అన్నలు నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోకుండా ఇటే వచ్చిన్రు. వాళ్ల నిద్ర మీద మనం మాట్లాడుతున్నాం, కాబట్టి ఉపోద్ఘాతాలు పెట్టుకోం.

ఈ రోజు విషయం కర్మ. ఇది పాత విషయం గదా, పెరియారు, ఫూలే, అంబేద్కరు తేల్చి పారేసిన విషయం గదా, మళ్లీ ఎందుకు అని ఒక మిత్రుడు అడిగాడు. ఎందుకంటే కర్మ బట్టలు మార్చుకొని వచ్చింది. వెనకట గుడి అరుగు మీద పంచె కట్టుకొని కూర్చునేది. ఇప్పుడు మెడలో ఐడీ కార్డు వేసుకొని, ఏసీ హాల్లో, తెర మీద స్లైడు వేసి మాట్లాడుతున్నది. ఆ స్లైడు మీద ఒక పక్క భగవద్గీత, ఒక పక్క న్యూటన్ బొమ్మ. "ప్రతి చర్యకూ సమానమైన, వ్యతిరేకమైన ప్రతిచర్య ఉంటుంది. మన పెద్దలు వేల ఏళ్ల కిందటే చెప్పిన కర్మ సిద్ధాంతం ఇదే" అని ఆ పెద్దమనిషి అంటాడు. చప్పట్లు పడతాయి. అపార్ట్‌మెంటు క్లబ్బు హౌసుల్లో అదే మాట, వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే వీడియోల్లో అదే మాట. మనవాళ్లలో ఒకరిద్దరు కూడా ఆ చప్పట్లు కొట్టినారు. వాళ్లను ఎగతాళి చేయడానికి మేము రాలేదు. ఇంజనీరింగు చదివిన పిల్లగానికి సైన్సు అనగానే గౌరవం. ఆ గౌరవాన్నే దొంగిలిస్తున్నారు, మా కోపం అందుకు.

ముందు మన నోట్లో ఉన్న కర్మ సంగతి చూద్దాం. మన భాషలోనే అది ఎట్లా కూర్చున్నదో గమనించండి. పక్క బ్లాకులో ఎవడో కొత్త కారు కొంటాడు, మనం ఏమంటాం? "పెట్టి పుట్టాలె" అంటాం. పెట్టి పుట్టడమంటే ఏంది? పోయిన జన్మలో దానం పెట్టి, ఈ జన్మలో పుట్టడం. అంటే వాని తాతకు వంద ఎకరాలు ఎట్లా వచ్చింది, మన తాత అదే పొలంలో ఎందుకు జీతం ఉన్నాడు అనే ప్రశ్న ఒక్క మాటతో మాయమైపోతుంది. "తలరాత" అంటాం, "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అంటాం, బస్సు తప్పిపోయినా "మా ఖర్మ" అంటాం. ఇన్ని మాటలు మన నాలుక మీదికి ఊరికే రాలేదు. జాషువా 1941లోనే గబ్బిలంలో ఈ సిద్ధాంతాన్ని నిలదీశాడు: ఇది ఎవరి నోరు మూయడానికి, ఎవరి కూడు లాక్కోవడానికి పుట్టిందని.

సరే, ఇప్పుడు న్యూటన్ దగ్గరికి పోదాం. ఆయన తన సూత్రాలను 1687లో అచ్చు వేశాడు. మూడో సూత్రం ఏమంటది? మీరు గోడను నెడితే గోడ మిమ్మల్ని అంతే బలంతో నెడుతుంది. ఎప్పుడు? అప్పుడే. అదే క్షణంలో. నెట్టడం ఆపేస్తే గోడ కూడా ఆపేస్తుంది. గోడ మీ బాకీని రాసిపెట్టుకొని, మీరు చచ్చి మళ్లీ పుట్టినంక, మీ కొత్త ముఖం గుర్తుపట్టి నెట్టదు. ఈ సూత్రంలో వాయిదా లేదు, లెక్కల పుస్తకం లేదు. ఇంకో మాట, చర్య ఒక వస్తువు మీద, ప్రతిచర్య వేరే వస్తువు మీద. ఇద్దరూ ఒకరినొకరు నెట్టుకుంటున్నారు, అంతే. అందులో ఎవడు మంచోడు, ఎవడు చెడ్డోడు అని లేదు. దొర కట్టె పట్టి కొడితే కట్టెకు వీపు మీద ఎంత బలమో, వీపుకు కట్టె మీద అంతే బలం. న్యూటన్ లెక్క సరిగ్గా తేలింది. కానీ వాత పడ్డది ఎవరి వీపు మీద? బలం సమానమే గానీ దెబ్బ సమానం కాదు. ఆ తేడా న్యూటన్ సూత్రంలో దొరకదు, ఊరి చరిత్రలో దొరుకుతుంది.

మరి కర్మ సిద్ధాంతం అసలు ఏమంటది? పెద్దమనుషులు స్లైడు మీద చూపించని భాగం ఛాందోగ్యోపనిషత్తు ఐదో అధ్యాయంలో ఉంది. మంచి నడవడిక ఉన్నవాళ్లు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య గర్భాల్లో పుడతారట. చెడ్డ నడవడిక ఉన్నవాళ్లు కుక్క గర్భంలోనో, పంది గర్భంలోనో, చండాల గర్భంలోనో పుడతారట. కుక్క, పంది, చండాలుడు ఒకే వరసలో. ఇది మనం కల్పించింది కాదు, వాళ్లు పవిత్రమని పూజించే గ్రంథంలో ఉన్నదే. ఇందులో చర్యకు ప్రతిచర్య ఎక్కడున్నది? ఉన్నది కుల నిచ్చెన. నిచ్చెనకు కారణం వెతకమంటే, కనపడని జన్మలోకి వేలు చూపించినారు. అక్కడికి పోయి సాక్ష్యం తెచ్చేదెవరు? ఏ కోర్టులోనైనా ముద్దాయికి నేరం ఏందో చెప్పాలె గదా. మీరు నేరం చేసిన్రు, ఏం నేరమో మీకు గుర్తు లేదు, మాకు కూడా తెలవదు, కానీ శిక్ష మాత్రం పుట్టిన దినం నుంచి అమలు. ఇట్లాంటి కోర్టు భూమి మీద ఇంకెక్కడైనా ఉన్నదా?

కొందరు తెలివిగా ఇంకో మెట్టు ఎక్కుతారు. శక్తి నశించదు, రూపం మారుతుంది, కాబట్టి ఆత్మ కూడా నశించదు, కర్మ కూడా నశించదు అంటారు. ఇక్కడ బాబాసాహెబ్‌ను చదువుకోవాలె. బుద్ధుడు, ఆయన ధమ్మం అనే గ్రంథం బాబాసాహెబ్ చనిపోయినంక 1957లో అచ్చయింది. అందులో ఈ చిక్కుముడిని ఆయన నేరుగా పట్టుకున్నాడు. మనిషి చనిపోతే ఆ దేహంలోని మట్టి, నీరు, వేడి, గాలి ఎక్కడివి అక్కడ పోయి కలుస్తాయి, శక్తి కూడా విశ్వంలోని శక్తిలో కలుస్తుంది, బుద్ధుడు ఒప్పుకున్నది ఈ పదార్థపు పునరుత్పత్తిని గానీ ఆత్మ పునర్జన్మను కాదు అని వాదించాడు. మేము దీనికి మా మాట ఒకటి కలుపుతాం. శక్తి నిత్యత్వం అనేది మొత్తం లెక్క. ఎవరి శక్తి అని దాంట్లో ఖాతాలు లేవు. చెరువులో చెంబెడు నీళ్లు పోసినంక మళ్లీ ముంచితే ఆ చెంబెడు నీళ్లే రావు. వేడి అయితే ఇంకా చెదిరిపోతుంది. చితి మీది వేడి ఊరి గాలిలో కలిసిపోయినంక అది పేరు, గోత్రం, పాపపుణ్యాల చిట్టా మోసుకొని ఒక తల్లి కడుపు వెతుక్కుంటూ పోతుందని ఏ భౌతికశాస్త్రమూ చెప్పలేదు.

బాబాసాహెబ్ అదే పుస్తకంలో ఇంకో సూటి ప్రశ్న వేశాడు. ఈ గతజన్మ కర్మ సిద్ధాంతం ఎవరికి ఉపయోగం? పేదల, అణగారినవాళ్ల దుస్థితికి బాధ్యత నుంచి రాజ్యం, సమాజం తప్పించుకోవడానికి తప్ప ఇంకెందుకూ కాదని ఆయన తేల్చినాడు. దయగల బుద్ధుడు ఇంత దయలేని సిద్ధాంతాన్ని చెప్పి ఉండడని అన్నాడు. పాలీ గ్రంథాల్లో, సంయుత్త నికాయంలో ఒక చిన్న సంభాషణ ఉంది. సీవకుడనే పరివ్రాజకుడు వచ్చి, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లనే అని కొందరంటున్నారు, మీరేమంటారు అని బుద్ధుడిని అడుగుతాడు. పిత్తం వల్ల వచ్చే బాధలున్నాయి, కఫం వల్ల, వాతం వల్ల, ఈ మూడూ కలిసినందువల్ల, రుతువులు మారినందువల్ల, ఒంటిని సరిగ్గా చూసుకోనందువల్ల, ఎవరో కొట్టినందువల్ల వచ్చేవి ఉన్నాయి, కర్మఫలం వల్ల వచ్చేవి కూడా ఉన్నాయి అని బుద్ధుడు ఎనిమిది లెక్కపెట్టి, అన్నీ కర్మే అనేవాళ్లు తమకు తెలిసినదాన్నీ లోకానికి తెలిసినదాన్నీ దాటిపోతున్నారని జవాబిస్తాడు. కర్మను ఆయన పూర్తిగా కొట్టిపారేయలేదు, ఆ మాట దాచం. కానీ ఎనిమిదింటిలో ఒకటిగా చివరన కూర్చోబెట్టినాడు. "ఎవరో కొట్టినందువల్ల" అనే కారణానికి అందులో విడిగా చోటు ఉండడం మాకు చాలా పెద్ద విషయంగా కనపడుతుంది.

ఇక్కడి నుంచి మన అడ్డాకు వద్దాం. సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రధాని వాజపేయి ప్రారంభించాడు. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి. అప్పుడు ఇది ఊరి బయట, అంతా గుట్టలు, బండలు. ఇప్పుడు అద్దాల అడవి. ఈ అద్దాల కింద ఏమున్నదో మీలో కొందరికి తెలుసు. 2016 ఆగస్టులో, ఇక్కడికి కూతవేటు దూరంలో, మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్లోకి దిగి నలుగురు చనిపోయినారు. దిగినవాళ్లు పైకి రాలేదు, కాపాడబోయిన మనిషి కూడా రాలేదు.

ఆ రోజు కూడా "పాపం, వాళ్ల ఖర్మ" అన్నవాళ్లు ఉన్నారు. సరే, సైన్సు గౌరవించే పెద్దమనుషులారా, రండి, సైన్సే మాట్లాడుకుందాం. డ్రైనేజీలో మురికి కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. దాని అణుభారం 34, గాలి సగటున 29. గాలి కన్నా బరువు కాబట్టి అడుగున పేరుకుంటుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తినే కోల్పోతుంది. లోపల దిగినవాడు వాసన పోయింది, ఫరవాలేదు అనుకుంటాడు. అప్పుడే అసలు ప్రమాదం. పది లక్షల వంతుల గాలిలో ఈ వాయువు వెయ్యి వంతుల దాకా చేరితే నాలుగు ఊపిరులు పీల్చేలోపు మనిషి కుప్పకూలుతాడు. పైన ఉన్నవాడు చూసి, తమ్ముడు పడిపోయిండు అని దూకుతాడు. వానికీ అదే గాలి. ఒకరి వెనక ఒకరు చనిపోవడానికి కారణం ఇది. ఇందులో పూర్వజన్మ ఎక్కడున్నది? మూత తీసి గాలి ఆడనిచ్చి, గ్యాసు కొలిచే పరికరం దించి చూసి, అసలు మనిషిని దింపకుండా యంత్రం పెడితే ఆ నలుగురి కర్మ ఏమయ్యేది? యంత్రం అద్దె కట్టగానే మారిపోయే కర్మ అది.

1993లో ఒక చట్టం వచ్చింది, 2013లో ఇంకొకటి. 2013 చట్టం ఏడో సెక్షను ప్రకారం మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో మనిషిని ప్రమాదకరంగా దింపడమే నేరం. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న, 1993 తర్వాత ఇట్లా చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలన్నది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ ఆందోళన్‌ను నడిపిన బెజవాడ విల్సన్ మన తెలుగు బిడ్డ, కోలార్ బంగారు గనుల్లో పాకీ పనిచేసిన కుటుంబంలో పుట్టినవాడు. కర్మ అని ఊరుకొని ఉంటే ఆయన కూడా ఆ తట్ట దగ్గరే ఉండేవాడు.

ఇప్పుడు లెక్కలు. లెక్కలంటే భయపడకండి, పాచికలాట తెలిస్తే చాలు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో షెడ్యూల్డు కులాలు 16.6 శాతం. అంటే దాదాపు ఆరుగురిలో ఒకరు. పాచికకు ఆరు ముఖాలు. కళ్లు మూసుకొని దేశంలో ఒక మనిషిని పట్టుకుంటే దళితుడు దొరికే అవకాశమూ, పాచిక వేస్తే ఆరు పడే అవకాశమూ ఒకటే. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే పనివాళ్లను కేంద్ర ప్రభుత్వమే నమస్తే పథకం కింద లెక్కపెట్టింది. 2024లో బయటికొచ్చిన ఆ లెక్కలో 38 వేల మంది పనివాళ్ల వివరాలున్నాయి. అందులో షెడ్యూల్డు కులాలవాళ్లు దాదాపు 69 శాతం. వెనకబడిన కులాలు, ఆదివాసీలు కలిపితే 92 శాతం దగ్గరికి పోతుంది.

పాచిక న్యాయమైనదైతే 38 వేల సార్లు వేస్తే ఆరు ఎన్నిసార్లు పడాలి? 6,300 చిల్లర. అటో ఇటో ఓ రెండు వందలు తేడా వస్తే వింత లేదు. కానీ పడింది 26 వేల సార్లు. ఇంకా చిన్నగా చూద్దాం. పదిసార్లే వేయండి. పదిలో ఏడుగానీ అంతకన్నా ఎక్కువగానీ ఆరులు పడటానికి అవకాశం సుమారు 3,700లో ఒకటి. ఒక్క పది వేటుల్లోనే అంత అరుదు. 38 వేల వేటుల్లో అదే నిష్పత్తి పడితే మీరేమంటారు? పల్లెలో పేకాట ఆడే ముసలాయన కూడా ఆటను ఆపి, "పాచిక చూపియ్యి బిడ్డా" అంటాడు. శకుని పాచికలని మనకు ఊరికే అనలేదు. ధర్మరాజు ఓడింది తన కర్మ వల్ల కాదు, పాచిక వల్ల. ఆట మొత్తం పోయినంక గూడ ఆయన పాచిక పట్టుకొని చూడలేదు. అదీ ఆయన తెలివి, మనకెందుకు.

ఈ లెక్కలు మన దారిలోనే పుట్టినాయని గుర్తుచేయాలె. గచ్చిబౌలి నుంచి లింగంపల్లి పోయే తోవలో హైదరాబాద్ యూనివర్సిటీ గేటు ముందరి రోడ్డుకు ప్రొఫెసర్ సి.ఆర్. రావు పేరుంది. ఆ క్యాంపస్‌లోనే ఆయన పేరు మీద గణిత, సంఖ్యాశాస్త్ర సంస్థ ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మే గణితం చదివి, 1945లో రాసిన ఒక్క వ్యాసంతో ప్రపంచ సంఖ్యాశాస్త్రాన్ని మార్చినవాడు, 2023లో కన్నుమూశాడు. అవకాశాన్ని, అంటే కళ్లకు కనపడని తలరాతను, కొలవగలిగినదిగా మార్చినవాళ్లలో ఆయన ఒకడు. రోజూ ఆ బోర్డు కిందనుంచి క్యాబుల్లో పోతూ "రాసిపెట్టి ఉంటే వస్తది" అనుకుంటున్నాం. ఎంత రాసిపెట్టి ఉందో లెక్కకట్టే శాస్త్రం ఆ గోడ అవతలనే ఉన్నది.

ఉద్యోగాల సంగతి కూడా ఇట్లాగే లెక్క తీసినారు. సుఖదేవ్ థోరట్, పాల్ ఆటవెల్ అనే ఇద్దరు పండితులు పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు ఒకే చదువు, ఒకే అనుభవం ఉన్న దరఖాస్తులను పేర్లు మాత్రం మార్చి పంపించి, 2007లో ఫలితాలు అచ్చు వేశారు. అగ్రకుల పేరుకు పిలుపు వచ్చే అవకాశపు నిష్పత్తి 100 అనుకుంటే దళిత పేరుకు 67, ముస్లిం పేరుకు 33. దరఖాస్తుకు పూర్వజన్మ ఉండదు గదా! కాగితం పోయిన జన్మలో ఏం పాపం చేసింది? 2009లో అచ్చయిన మరో పరిశోధనలో ఢిల్లీ ప్రాంతపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పిలుపుల్లో ఇట్లాంటి తేడా కనపడలేదని, కాల్ సెంటరు ఉద్యోగాల్లో మాత్రం కనపడిందని తేలింది. అది కూడా చెప్పాలె. మనకు అనుకూలమైన లెక్కే చూపించి అనుకూలం కానిది దాచడం స్లైడు వేసేవాళ్ల పని, మన పని కాదు. కానీ పిలుపు వచ్చినంక లోపల కూర్చున్న పెద్దమనిషి "మీ పూర్తి పేరేంది, నాన్నగారు ఏం చేస్తారు, ఏ ఊరు, ఊర్లో ఏ వైపు" అని అడిగేది ఈ రెండు పరిశోధనలకూ ఎక్కలేదు. దాని లెక్క ఈ హాల్లో కూర్చున్నవాళ్ల దగ్గర ఉంది.

ఇంకో కొత్త కర్మ వస్తున్నది. కంప్యూటరుకు పాత డేటా మేపి, ఎవరిని ఉద్యోగంలోకి తీసుకోవాలో, ఎవరికి అప్పు ఇవ్వాలో చెప్పమంటున్నారు. మీలో కొందరి చేతులమీదే అవి తయారవుతున్నాయి. అమెజాన్ కంపెనీ దరఖాస్తులు వడగట్టడానికి చేసుకున్న ఒక ప్రోగ్రాము ఆడవాళ్ల దరఖాస్తులకు మార్కులు తగ్గిస్తున్నదని, దాన్ని పక్కన పడేశారని 2018లో రాయిటర్స్ రాసింది. ఎందుకు తగ్గించింది? అంతకు ముందు పదేళ్లలో వచ్చిన దరఖాస్తులు ఎక్కువగా మగవాళ్లవి. యంత్రం ఆ గతాన్నే నేర్చుకుంది. గతంలో నీ జాతికి ఏం దక్కిందో చూసి రేపు నీకేం దక్కాలో చెప్పే యంత్రానికీ, ఛాందోగ్యంలోని ఆ వాక్యానికీ తేడా ఏంది? ఇది కరెంటుతో నడుస్తది, అంతే. దానికి అగ్రకులం మీద ప్రేమ ఉండక్కర్లేదు, నిన్నటి అన్యాయాన్ని నిన్నటి నిజంగా నమ్మితే చాలు.

ఇక యూనివర్సిటీ గేటు దాకా వచ్చినాం కాబట్టి రోహిత్ పేరు తలవకుండా పోలేం. 2015 డిసెంబరులో హాస్టళ్ల నుంచి వెలివేయబడిన ఐదుగురు దళిత పరిశోధకులు క్యాంపస్‌లో దుకాణాల దగ్గర వెలివాడ కట్టుకున్నారు. సైబరాబాద్ నడిబొడ్డున వెలివాడ! 2016 జనవరి 17న రోహిత్ వేముల మనల్ని వదిలి పోయినాడు. కార్ల్ సేగన్ లాగా సైన్సు రచయిత కావాలనుకున్నానని ఆఖరి ఉత్తరంలో రాసుకున్నాడు. మనిషిని నక్షత్రధూళితో చేసిన ఒక గొప్పదిగా చూడలేదని బాధపడ్డాడు. అది కవిత్వం మాత్రమే కాదు, భౌతికశాస్త్రం. మన రక్తంలో ఉన్న ఇనుము, ఎముకల్లో ఉన్న కాల్షియం ఎప్పుడో నక్షత్రాల కొలిమిలో తయారైనవే. మాదిగ రక్తంలో ఇనుమూ, బ్రాహ్మణ రక్తంలో ఇనుమూ ఒకే కొలిమి సరుకు. దానికి ఏ గర్భంలో పోయి పడాలో తెలవదు.

తన పుట్టుకను ఆయన ఒక ప్రమాదమన్నాడు, ప్రాణం తీసిన ప్రమాదం. ఆ మాట మీద మేము చాలా రోజులు మాట్లాడుకున్నాం. మా మిత్రుల్లో కొందరికి అది నచ్చలేదు. పుట్టుకను ప్రమాదం అంటే అది కూడా తలరాత లాంటిదే గదా, ఇక ఎవరూ బాధ్యులు కారు గదా అన్నారు. ఈ అభ్యంతరం చిన్నది కాదు. మా జవాబు ఇది. పుట్టుక యాదృచ్ఛికం, నిజమే. కోట్ల అవకాశాల్లో ఒకటి. క్యాన్సరు ఆసుపత్రుల్లో వాడే కోబాల్ట్ 60 తీసుకోండి. 5.27 ఏళ్లలో అందులో సగం పరమాణువులు విచ్ఛిన్నం అవుతాయి. ఏ పరమాణువు ఈ రోజు పోతుంది, ఏది యాభై ఏళ్లు ఉంటుంది అనేది ముందే ఎవరూ చెప్పలేరు. ఆ రెండు పరమాణువులకూ వీసమెత్తు తేడా లేదు. ముందు పోయింది పాపం చేసుకున్నది కాదు. అట్లాగే ఏ తల్లికి ఎవరు పుడతారన్నదానిలో పాపం లేదు, పుణ్యం లేదు, యోగ్యత అసలే లేదు. కాబట్టి "పెట్టి పుట్టినోడు" ఎవడూ లేడు, ఊరికే పుట్టినోళ్లే అందరూ. కానీ పుట్టినంక వచ్చే జీవితం మాత్రం యాదృచ్ఛికం కాదు. 69 శాతం అని ఇందాక చెప్పిన లెక్క అది. పుట్టుక ఒక వేటు, పుట్టుక మీద శిక్ష రాసినవాళ్లు మనుషులు. ఈ రెంటినీ కలిపి ముద్దచేసి ఒకే పేరు పెట్టడమే కర్మ సిద్ధాంతం చేసిన మోసం. రోహిత్ ఆ రెంటినీ విడదీసి చూశాడని మేము అనుకుంటాం. చనిపోయినా ఆయన్ని పుట్టుక వదల్లేదు. 2024 మేలో పోలీసులు కేసు మూసేస్తూ ఆయన ఎస్సీయే కాదన్నారు, గొడవ జరిగినంక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు.

ఈ మాటలన్నీ మేము పోయిన నెల ఒక బస్తీలో చెప్పినాం. అక్కడ ఒక అమ్మ ఉన్నది. పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ ఆఫీసుల్లో హౌస్ కీపింగు చేస్తది. ఆమె భర్త ఒక అపార్ట్‌మెంటు సెప్టిక్ ట్యాంకులో దిగి పోయినాడు. మేము కర్మ లేదు, గిర్మ లేదు అని ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే, ఆఖర్న ఆమె లేచి అడిగింది.

"బిడ్డా, మీరు సదువుకున్నోళ్లు. కర్మ లేదంటున్నరు. మరి మా ఆయన్ను ట్యాంకుల దింపినోనికి ఏం గాదా? ఆ మేస్త్రి మా ఇంటి దిక్కు గూడ సూడలే. వాని పాపం వానికి తగుల్తదని ఇన్ని దినాలు బతుకుతున్న."

మాకు కాసేపు మాట రాలేదు. స్లైడు వేసేవాని నోట్లో కర్మ వేరు, ఈ తల్లి నోట్లో కర్మ వేరు. అక్కడ అది సంజాయిషీ, ఇక్కడ అది కోర్టు. ఆమెకు ఇంకో కోర్టు దొరకలేదు కాబట్టి ఆ కోర్టుకు పోయింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపితే, 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఇట్లాంటి తీర్పులు చూసినవాళ్లు వాళ్ల పాపం వాళ్లకు తగుల్తది అనుకోక ఏం చేస్తారు? ఆ ఆశను ఊడబెరికి, దాని జాగాలో ఏం పెడుతున్నాం మనం? ఒక ఫార్ములానా? హేతువాద మిత్రులు ఈ సంగతి ఆలోచించరు. మేము కూడా అప్పటిదాకా ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాం.

అబద్ధం చెప్పలేక, "అమ్మా, దానంతట అదే వానికి ఏం గాదు" అన్నాం. భౌతికశాస్త్రానికి మేస్త్రి మీద కోపం లేదు. మురికిలో పుట్టే వాయువుకు ఎవరు దిగినా ఒకటే, మేస్త్రి దిగితే మేస్త్రి పోతాడు. కానీ మేస్త్రి దిగడు.

ఆమె చాలాసేపు చూసి, "అంటే మనం అడగకుంటే ఏం గాదన్నట్టు" అన్నది. తర్వాత కొంగుకు కట్టుకున్న ప్లాస్టిక్ కవరు విప్పింది. అందులో పోస్ట్‌మార్టం కాగితం ఉన్నది, నాలుగు మడతలు పెట్టి. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయినాయి. రెండేళ్లుగా అది ఆమె దగ్గరే ఉన్నది. 30 లక్షల మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. దింపడమే నేరమన్న చట్టం ఉందని కూడా చెప్పలేదు. ఆ అపార్ట్‌మెంటు అసోసియేషన్‌వాళ్లు దహనానికి 20 వేలు ఇచ్చి, కాగితం మీద వేలిముద్ర తీసుకున్నారట. ఆ కాగితంలో ఏం రాసిందో ఆమెకు తెలవదు.

ఆమె తరఫున కలెక్టరు ఆఫీసులో దరఖాస్తు పెట్టినాం. రశీదు తీసుకున్నాం. ఎఫ్ఐఆర్ నకలు కోసం తిరుగుతున్నాం. ఎఫ్ఐఆర్‌లో "ప్రమాదవశాత్తు" అని రాసినారని తెలిసింది. పుట్టుక గురించి రోహిత్ అన్న మాటే ఇది, కానీ ఇక్కడ రాసింది పోలీసు. ఇందాక విడదీసుకున్న ఆ రెండు ముక్కలనూ మళ్లీ ముద్దచేసే మాట ఇది. దాన్ని మార్పించాలె. వకీలు మిత్రులు ఇద్దరు ముందుకొచ్చినారు.

మీ బస్తీల్లో, మీరు పనిచేసే గేటెడ్ కమ్యూనిటీల్లో ఇట్లా పోయినవాళ్లు ఉంటే, 1993 తర్వాత ఎప్పటిదైనా సరే, మనిషి పేరు, పోయిన తేదీ, దింపినవాని పేరు, ఆ చోటు రాసుకొని, ఏ కాగితం ఉంటే ఆ కాగితం పట్టుకొని వచ్చే నెల మొదటి ఆదివారం ఇదే హాలుకు రండి. కాగితాలు లేకున్నా రండి. జిరాక్సు ఖర్చులకు డబ్బా తలుపు దగ్గర పెట్టినాం. నైట్ డ్యూటీ ఉన్న అన్నలు ఇక పోయి పడుకోవచ్చు, చర్చ మిగిలినవాళ్లం చేస్తాం.